నాలుగో పలక

తలుపు గడియ పెట్టి, కిటికీ మీద నల్లగుడ్డ దించి, ఫిజా స్టూలు మీద కూర్చుంది. ఇక గంటసేపు ఆమె చేయాల్సిన పనల్లా ఏమీ చేయకుండా ఉండటమే. వినడానికి హాయిగా ఉంది గానీ, చేతులు కట్టుకుని కూర్చోమంటే గుంటూరు మనిషికి ప్రాణం మీదికొస్తుంది. అందులోనూ బయట మార్చి ఎండ పెళపెళలాడుతూ, మిర్చి టిక్కీల బస్తాలు నింపుకున్న లారీలు హారన్లు మోగించుకుంటూ యార్డు వైపు పోతూ ఉంటే, ఇక్కడ చీకట్లో ఒక గాజుముక్క సద్దుమణిగేదాకా ఊపిరి బిగబట్టుకుని కూర్చోవాలి. బల్ల మీద బీకరు, బీకరులో ఉప్పునీళ్ళ లాంటి ద్రావణం, అందులోకి వేలాడే మూడు తీగలు. ఒక తీగ చివర బొటనవేలి గోరంత గాజు పలక, పలక మీద పాలమీద మీగడంత పల్చగా తెల్లటి పూత. చీకట్లో అదేదీ కనబడదు. కనబడకపోయినా అది అక్కడ ఉందని ఒంటికి తెలుస్తూనే ఉంది, జ్వరమొచ్చిన పిల్ల పక్కన పడుకున్నట్టు. పొద్దుటి నుంచి తాగిన వెలుగంతా అది నెమ్మదిగా వదిలెయ్యాలి. వదిలినంతసేపూ రికార్డర్ పెన్ను గ్రాఫు కాగితం మీద కిందికి జారుతూ సన్నగా గీరుతుంది. ఆ చప్పుడొక్కటే గదిలో ఉన్న కాలం. జారడం మానేసి పెన్ను తిన్నగా పోవడం మొదలుపెట్టాక, అప్పుడు లేచి, ప్రొజెక్టర్ దీపం ముందున్న రేకు పక్కకి లాగాలి. లాగితే ఏమవుతుందో ఆమెకు సగం తెలుసు.

ఈ పలక నాలుగోది. మిగతా మూడూ కిందటి వారమే చూశారు. పూతలో ఉన్నది టైటానియం డయాక్సైడ్, గోడలకు వేసే తెల్లరంగులో ఉండే పొడే, కాకపోతే ఇవి కంటికి ఆనని నానో రేణువులు. ఎండ పడితే ఆ పొడికి ఆకలేస్తుంది. దగ్గర్లో ఏ మురికి ఉన్నా, ఏ విషం ఉన్నా విరిచి తినేస్తుంది. తింటున్నదీ లేనిదీ, ఎంత తింటున్నదీ, పలకలోంచి వచ్చే కరెంటు చెబుతుంది, పెన్ను రాస్తుంది. చిక్కల్లా ఆ పొడి పెంకితనంతోనే. ఎండలో అతినీలలోహిత కిరణాలని కొద్దిగా ఉంటాయే, వాటికి తప్ప లొంగదు. ఎండంతా పళ్ళెంలో వడ్డించినా ఆ కాస్తా ఏరుకు తిని తక్కిందంతా వదిలేస్తుంది, వంకలు పెట్టే పిల్లలాగా. దాన్ని యూరియాతో కలిపి కాలిస్తే మామూలు వెలుగు తినడం కూడా నేర్చుకుంటుందని ఎక్కడో ఎవరో కనిపెట్టారు. ఫిజా పరిశోధనకి గైడు రెబ్కా మేడం. ఆవిడ ఆ సంగతి చదివి, చేలో చల్లే యూరియానే గుప్పెడు తెప్పించి, శుద్ధి చేయించి, కలిపించింది. దీపం ముందు పసుపు అద్దం పెట్టి, పెంకి పిల్లకు ఇష్టమైన కిరణాలన్నీ ఆపేసి చూస్తే, మొదటి పలకకే పెన్ను లేచింది. రెండోదానికీ లేచింది. మూడోది లేచేసరికి మేడం కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది. "ఫిజా, ఇది మనదమ్మా. ఎవరి దగ్గరా అరువు తెచ్చుకున్నది కాదు, మనది" అంది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఆ మాట అనుకునే అవకాశం ఆవిడకి ఎప్పుడూ రాలేదు. ఇవాళ సాయంత్రం రైలెక్కి మద్రాసు వెళుతోంది. రేపు అక్కడ పెద్దపెద్దవాళ్ళ ముందు ఆ మూడు గీతలూ చూపిస్తుంది. పక్క గదిలో చీర కుచ్చిళ్ళ చప్పుడు, సూట్‌కేసు బిగించే చప్పుడు, మధ్యలో చిన్న కూనిరాగం. రెబ్కా మేడం కూనిరాగం తీయగా ఫిజా ఎన్నడూ వినలేదు. నాలుగోది కూడా చూస్తానంటే, "చూడు చూడు, ఇంకో సాక్ష్యం ఉంటే మంచిదేగా" అంది. సాక్ష్యమో, ఎదురు సాక్ష్యమో ఫిజా చెప్పలేదు.

నిచ్చెన. మేడం మొదటిరోజు చెప్పింది నిచ్చెన గురించే. "ఇంట్లో అటక ఉంటుంది చూడు, కింద నేల, పైన అటక. మధ్యలో మెట్లేమీ లేవు. వెలుగొచ్చి నిచ్చెన వేస్తే కిందనున్న ఎలక్ట్రాన్ అటకెక్కుతుంది. అది ఎక్కిపోయిన చోట కింద ఖాళీ మిగులుతుంది, దానికేమో ఆకలి. పక్కన ఎవరు దొరికితే వాళ్ళ దగ్గర లాక్కుంటుంది. అంతే, ఇంకేం లేదు." ఇంకేం లేదని మేడం అంటే నిజంగానే ఇంకేం లేదనిపించేది. పసుపు వెలుగుది పొట్టి నిచ్చెన, ఈ తెల్లపొడి అటక అందదు. యూరియా ఒక మెట్టు కడుతుందని ఆశ. ఫిజా ఆ రోజు ఇంటికెళ్ళి నిజం అటక కేసి చూసింది, తాత దూది ఏకే విల్లు అక్కడే ఉంది, నారి తెగిపోయి, బూజు పట్టి. తాత పోయాక దాన్ని ఎవరూ దించలేదు. చిన్నప్పుడు ఆ విల్లు మీద తాత కర్రసుత్తి కొడుతుంటే టంగు టంగుమని ఇల్లంతా మోగేది, దూది లేచి గాలిలో తేలేది, తలుపు సందులోంచి పడే ఎండపట్టీలో తెల్లటి పోగులు, పోగుల కంటే చిన్నవి, వాటి కంటే చిన్నవి, ఎంత కళ్ళు చిట్లించినా అంతకంటే చిన్నవి ఇంకా ఉంటూనే ఉండేవి, అవి ఎక్కడ అయిపోతాయి తాతా అంటే, అవి అయిపోవే, మన చూపే అయిపోతుంది అనేవాడు. ఆయన దగ్గరే నేర్చుకున్నది అమ్మ. ఇప్పుడు ఏకే పని లేదు, మిషన్లొచ్చాయి, అయినా ఇంట్లో దూది కావాలంటే అమ్మ బజారుకి పోదు, పత్తి గింజలు వలిచి వేళ్ళతోనే పింజెలు విడదీసి, మబ్బుతునకలా చేసి ఇస్తుంది. ఆ వేళ్ళతోనే. అవును, ఆ వేళ్ళతోనే.

పెన్ను గీరుతోంది. ఇంకా జారుతూనే ఉంది.

పొద్దున యూనివర్సిటీలో కొలిమి గదికి వెళ్ళింది. పలకలు కాల్చే కొలిమి ఊరవతల అక్కడుంది, కొలిచే యంత్రం ఊళ్ళో మేడం కాలేజీలో ఉంది, మధ్యలో బస్సు, బస్సుకీ బస్సుకీ మధ్య ఒక రాత్రి ఇల్లు. నాలుగు పలకలూ ఒకే పూత, ఒకే కొలిమి, ఒకే వేడి. బయటికి తీసేటప్పుడు ఒకటి వెనక గోడకి జారిపోయి అక్కడే ఉండిపోయింది. మూడే వచ్చాయేమిటా అనుకుంది గానీ, ఎక్కడో పగిలుంటుందిలే అని ఊరుకుంది. దాన్నే పొద్దున చూసింది, బూడిదలో కూర్చుని ఉంది చక్కగా, తప్పిపోయిన పిల్ల బడి అరుగు మీద దొరికినట్టు. సంబరంగా సంచిలోంచి పెట్టె తీసింది. స్టీలు టిఫిన్ పెట్టె, లోపల అమ్మ పరిచిన దూది. కాల్చిన పలకలన్నీ అందులోనే ప్రయాణం చేస్తాయి. బస్సు కుదుపులకి పూత గీసుకుపోతోందని ఎప్పుడో ఒకసారి ఇంట్లో అంటే, అమ్మ మర్నాటికల్లా ఈ ఏర్పాటు చేసింది, నాలుగు రోజులకోసారి పాతది తీసి కొత్త దూది పెడుతుంది, సాయంత్రం ఫిజా గుమ్మంలో అడుగు పెట్టగానే "అద్దాలకి గీతలు పడలేదుగా?" అని అడుగుతుంది. పలకలని చెప్పినా వినదు, అద్దాలంటుంది. పొద్దున ఆ దూదిని వేళ్ళతో లాగి పలకకి పక్క సరిచేసి, ఫోర్సెప్స్ కోసం చూస్తూ, ఎందుకో కన్ను నలుపుకుంది. భగ్గుమంది. కళ్ళలో కారం పడ్డ మంట ఈ జిల్లాలో ఎవరికీ కొత్త కాదు, చెప్పక్కర్లేకుండానే తెలుస్తుంది. కుళాయి కిందకి పరిగెత్తింది, తుమ్మింది, మళ్ళీ తుమ్మింది, నీళ్ళు కొట్టుకుంది. ముఖం తుడుచుకుని వచ్చి పెట్టెలోకి ఒంటికన్నుతో చూస్తే, తెల్లగా ఉందనుకున్న దూది తెల్లగా లేదు. అంచుల్లో లేత నారింజ. అది మిరపపండు రంగు, అమ్మ వేళ్ళది.

అప్పుడు పలకని ఆ పెట్టెలో పెట్టలేదు. తెల్ల ఫిల్టర్ కాగితంలో చుట్టి, బస్సంతా అరచేతిలోనే పట్టుకుని వచ్చింది. దారిలో ఏమాలోచించిందో గుర్తు లేదు. ఏమీ ఆలోచించకూడదని ఆలోచించినట్టుంది. చీకటి గదిలోకి వచ్చే ముందు, పక్కగది కిటికీ గుమ్మం మీద ఒక గాజుగ్లాసులో నీళ్ళు పోసి, చిటికెడు తెల్లపొడి వేసి, ఆ దూదిలోంచి బాగా ఎర్రబడ్డ పింజె ఒకటి తుంపి అందులో వేసి ఎండకి వదిలేసింది. మేడం చూసి "అదేమిటే?" అంటే "ఊరికేనండీ" అంది. నిజంగా ఊరికేనో కాదో తనకే తెలీదు.

మిరప పని సాగే ఈ నాలుగు నెలలూ అమ్మ చేతులు అమ్మవి కావు. తెల్లారగానే యార్డు వెనక గోదాముకి వెళుతుంది, ఎర్రటి కొండల్లా పోసిన మిరపకాయల మధ్య ఆడవాళ్ళు బారులు తీరి కూర్చుని తొడిమలు తుంచుతూ ఉంటారు, ముక్కులకి కొంగులు, కళ్ళలో నీళ్ళు, నోళ్ళలో కబుర్లు. తుమ్ములు ఒక చివర మొదలై ఇంకో చివర దాకా పోతాయి. "ఇది మనూరి జలుబే" అని నవ్వుతుంది అమ్మ. ఇంటికొచ్చాక సబ్బుతో తోమినా, ఇసకతో తోమినా మంట పోదు, మజ్జిగ గిన్నెలో మణికట్టు దాకా చేతులు ముంచుకుని గోడకి చేరగిలబడుతుంది, అరచేతుల గీతల్లో ఎరుపు అట్లాగే ఉంటుంది. చిన్నప్పుడు ఆ చేతులు తనకి అన్నం పెట్టేవి కావు ఈ నెలల్లో. నాన్న పెట్టేవాడు. అమ్మ దూరంగా కూర్చుని మాటలతో తినిపించేది, ఇంకో ముద్ద, ఇంకో ముద్ద, ఆ పెరుగు ముద్ద కూడా. తల దువ్వాలంటే గుడ్డ చుట్టుకుని దువ్వేది. ఒళ్ళు తాకకుండా పెంచింది ఆ నాలుగు నెలలూ. తాకితే మండుతుందని. అంత జాగ్రత్తగల మనిషి ఈ దూది పరిచేటప్పుడు చేతులు మజ్జిగలో ముంచి, కడిగి, తుడుచుకునే పరిచి ఉంటుంది. సందేహం లేదు. ముమ్మాటికీ కడుక్కునే ఉంటుంది. కడిగితే పోనిది కూడా ఒకటుంటుందని ఆమెకేం తెలుసు, తనకే తెలీలేదు, ఇంత చదివి.

మిరప ఎరుపుకి పొట్టి నిచ్చెన చాలు. పసుపు అద్దంలోంచి వచ్చిన వెలుగు దానికి పుష్కలం. అది తన అటక ఎక్కి, అక్కడి నుంచి పక్కింటి అటక మీదికి దూకినట్టు ఎలక్ట్రాన్‌ని తెల్లపొడిలోకి దింపేస్తుంది, పెన్ను లేస్తుంది, మేడం కళ్ళద్దాలు తుడుచుకుంటుంది. యూరియా కట్టిన మెట్టు కాదది. ఇంకోటి కూడా ఉంది, అప్పుడే అనుమానించాల్సింది. మొదటిరోజు లేచినంత ఎత్తు పెన్ను రెండోరోజు లేవలేదు, మూడోరోజు ఇంకాస్త తగ్గింది. "అలిసిపోతుందిలే, మనం అలిసిపోమూ" అంది మేడం. పలక అలిసిపోవడమేమిటి? రంగు అయిపోతోంది, అంతే. రంగు కాస్త కాస్తగా తరిగి, చివరికి ఏమీ మిగలదు. ఇదంతా నిజమైతే. నిజం కాకపోతే? నాలుగో పలక పెట్టె ముఖం చూడలేదు, దూది తాకలేదు. దానికి పెన్ను లేస్తే యూరియాదే గొప్ప, అమ్మ చేతులు నిర్దోషులు, మేడం రైలెక్కుతుంది. లేవకపోతే.

గీరుడు నెమ్మదించింది. ఇంకొంచెం.

లేవకపోతే నాన్న గుంట ఏమవుతుంది? నాన్న గౌస్ బాషా స్ప్రేయర్లు బాగుచేస్తాడు, అమరావతి రోడ్డు మీద రేకుల కొట్టు. ప్రత్తిపాడు నుంచి, పెదనందిపాడు నుంచి రైతులు మందు కొట్టే మిషన్లు తెస్తారు, నాజిల్ పూడుకుపోయిందనో, వాషరు అరిగిందనో. విప్పి కడిగితే మందు వాసన గుప్పున లేస్తుంది. కడిగిన నీళ్ళు కొట్టు వెనక గుంటలోకి పోతాయి, ఏళ్ళ తరబడి, గుంట చుట్టూ గడ్డి పరక మొలవదు, పిట్ట వాలదు. నాన్న వేళ్ళు ఇప్పుడు చాయ్ గ్లాసు పట్టుకుంటే వణుకుతాయి. కొట్టులో మేకుకి ఒక స్ప్రేయర్ వేలాడుతూ ఉంటుంది, పత్తికి పచ్చపురుగు పట్టిన ఏడు కోటేష్ అనే కుర్ర రైతు ఇచ్చి వెళ్ళాడు, నీలం పెయింటుతో పేరు కూడా రాసి ఉంది, తీసుకెళ్ళడానికి మళ్ళీ రాలేదు. ఊళ్ళోవాళ్ళు అతను పోయిన కబురు చెప్పిన రోజు నాన్న కొట్టు మధ్యాహ్నమే కట్టేశాడు. ఆ మిషన్‌ని మాత్రం అమ్మడు, పక్కన పెట్టడు, నెలకోసారి నూనె రాసి మళ్ళీ మేకుకి తగిలిస్తాడు. కూతురు చదువులో తెల్లపొడి ఒకటుందనీ, ఎండ పడితే మందుని విరిచి ఉత్త నీళ్ళు చేస్తుందనీ విన్నప్పటి నుంచీ రోజూ సాయంత్రం ఒకటే మాట. "ఏం తల్లీ, నీ సున్నం మందుని తిందా?" ఇంకా లేదు నాన్నా అంటే, "తింటదిలే, ఆకలి పుట్టాలిగా" అంటాడు. అది సున్నం కాదని నాలుగుసార్లు చెప్పి వదిలేసింది. కిందటి వారం ఇంటికెళ్ళి "పసుపు వెలుగులో కూడా తింటోంది నాన్నా" అని చెప్పింది కదూ. చెప్పింది. ఆయన ఆ రాత్రి గుంట దగ్గరికెళ్ళి కాసేపు నిలబడి వచ్చాడు. ఏం చూశాడో చీకట్లో.

ఈ పలకని పగలగొట్టొచ్చు. ఈ ఊహ ఎక్కడి నుంచి వచ్చిందో గానీ, మెత్తగా, పిల్లిలా వచ్చి ఒళ్ళో కూర్చుంది. తీగ వదులు చేస్తే చాలు, జారి బీకరు అడుగున పడుతుంది. అడుగున పడకపోతే గచ్చు మీద పడుతుంది. అయ్యో జారిపోయింది మేడం, అంటే "పోనీలే, మూడున్నాయిగా" అంటుంది. ఎవరికి నష్టం? ఎక్కడో మద్రాసులో చల్లటి గదిలో నలుగురు తలలూపుతారు, చప్పట్లు కొడతారు, మేడంకి కొత్త దీపం వస్తుంది, తనకి పట్టా వస్తుంది, నాన్న గుంట దగ్గర నిలబడి సంతోషిస్తాడు, అమ్మ దూది మారుస్తుంది. అందరూ బాగుంటారు. ఫిజా చెయ్యి చీకట్లో బల్ల అంచు దాకా వెళ్ళింది. అక్కడ తీగ తగిలింది, చల్లగా. తరవాత ఎవరో ఒక పిల్ల, ఏ ఊరి పిల్లో, శుభ్రమైన దూదిలో పెట్టుకున్న పలకతో, ఇలాగే చీకట్లో కూర్చుని, ఎందుకు లేవడం లేదా పెన్ను అని ఏడుస్తుంది. తన చేతిలోనే ఏదో లోపం ఉందనుకుంటుంది. ఏళ్ళు పోగొట్టుకుంటుంది. ఆ పిల్ల ముఖం ఎందుకో బాగా కనబడింది. చెయ్యి వెనక్కి తీసుకుంది. భయం వేసింది, తన మీద తనకే.

తలుపు మీద మెల్లగా తట్టారు. "ఫిజా, అయిందా అమ్మా? ఆటో వచ్చేస్తుంది."

"ఒక్క క్షణం మేడం."

పెన్ను తిన్నగా పోతోంది. చెవి పెట్టి విన్నా జారుడు లేదు, నున్నగా, ఒకే స్వరంలో. ఫిజా లేచింది. దీపం వెలిగించింది, పసుపు అద్దం సరిగ్గా ఉందో లేదో వేలితో తడిమి చూసుకుంది, రికార్డర్ పక్కనున్న చిన్న ఎర్రదీపం మీది గుడ్డ తీసింది. బిస్మిల్లా అనుకుని రేకు పక్కకి లాగింది. పసుపు వెలుగు బీకరు మీద పడింది, నీళ్ళు పలచటి తేనెలా మెరిశాయి, పలక మధ్యలో చిన్న కిటికీలా వెలిగింది. అంత అందమైన వెలుగులో పెన్ను కదల్లేదు. రేకు మూసింది. తెరిచింది. మూసింది. తెరిచింది. కాగితం మీద గీత తిన్నగా, పొలంగట్టు మీద తాడు పట్టినట్టు పోతూనే ఉంది. పసుపు అద్దం తీసేసి చూసింది. అప్పుడు లేచింది పెన్ను, బుద్ధిగా, తనకి ఇష్టమైన కిరణాలు దొరికినంత మేరకి. అంటే పలక మంచిదే, తీగలు మంచివే. యూరియా ఏ మెట్టూ కట్టలేదు. ఫిజాకి ఏడుపొస్తుందనుకుంది, రాలేదు. పొద్దున మండిన కన్ను మాత్రం మళ్ళీ నీరు కార్చింది.

గడియ తీసింది. రెబ్కా మేడం కొత్త చీరలో, చేతిలో సూట్‌కేసుతో గుమ్మంలో నిలబడి ఉంది, ముఖం నిండా ప్రయాణం. "ఎంత లేచింది?" అంది.

"లేవలేదు మేడం."

"లేవకపోవడమేమిటి? తీగ వదులైందేమో చూడు."

"చూశాను మేడం. అద్దం తీస్తే లేస్తోంది. పెడితే లేదు." ఇక ఆగలేదు ఫిజా, పెట్టె తీసుకొచ్చి మూత తెరిచి ఆవిడ ముందు పెట్టింది. "ఆ మూడూ ఇందులో వచ్చాయి మేడం. ఇది రాలేదు. మా అమ్మ తొడిమలు తీసే పనికెళ్తుంది. దూది పరిచింది ఆమే."

మేడం మొదట అర్థం కానట్టు చూసింది. తరవాత వంగి దూదిని వాసన చూసింది. తుమ్మింది. అంత పెద్ద తుమ్ము ఆవిడ ఒంట్లోంచి వస్తుందని ఎవరూ అనుకోరు. కొత్త చీర కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, ఇంకోసారి తుమ్మి, సూట్‌కేసు నేల మీద పెట్టేసింది. "ఆ పలక తీసి ఆరబెట్టు" అంది చివరికి. ఆరాక, ఫోర్సెప్స్‌తో కాకుండా తన చేత్తోనే నారింజ పింజె ఒకటి తీసుకుని పలక మీద మెల్లగా అద్దింది, పసిపిల్ల బుగ్గ మీద పౌడరు అద్దినట్టు. మళ్ళీ తలుపు మూశారు, నల్లగుడ్డ దించారు. బయట ఆటో హారన్ కొట్టింది, ఇద్దరూ వినిపించుకోలేదు. చీకట్లో పక్కపక్కన నిలబడి పెన్ను జారడం విన్నారు. మేడం చీర కొత్త వాసన, దూది కారం వాసన కలిసి వచ్చాయి. "తెరువు" అంది మేడం. ఫిజా తెరిచింది. పసుపు వెలుగులో పెన్ను అంతెత్తున లేచింది, కిందటి వారం లేచినట్టే. మూసి తెరిస్తే కాస్త తక్కువ. మళ్ళీ తెరిస్తే ఇంకాస్త తక్కువ.

"చాల్లే" అంది మేడం. స్టూలు మీద కూర్చుంది. ఎర్రదీపం వెలుగులో ఆవిడకి ఒక్కసారిగా వయసు మీదపడినట్టు కనిపించింది. "ఎంత ఆశపడ్డానే" అంది, ఎవరితోనో అన్నట్టు. ఫిజా ఆవిడ పక్కన నేల మీద కూర్చుండిపోయింది, ఆవిడ చీర అంచు పట్టుకుంది. కాసేపటికి మేడం చెయ్యి వచ్చి తల మీద పడింది. "రేపు వాళ్ళలో ఎవరో ఒకరు అడిగేవాళ్ళు, రోజురోజుకీ ఎందుకు తగ్గుతోందని. నేనేమో అలిసిపోతుందండీ అనేదాన్ని." చిన్నగా నవ్వింది, నవ్వులో తడి ఉంది. "నువ్వు ముందే అడిగావు. మంచిపని చేశావు."

"వెళ్ళరా మేడం?"

"ఎందుకెళ్ళను? చీర కొనుక్కున్నాను. ఉన్నదున్నట్టు చెప్పి వస్తాను. పొరపాటు ఎలా పట్టుకున్నామో చెబుతాను, అది కూడా చెప్పదగ్గ సంగతే." లేచి, తలుపు దాకా వెళ్ళి, ఆగింది. "ఈ సంగతి మీ అమ్మకి తెలియాలా ఫిజా?" అని అడిగింది. జవాబు కోసం ఆగకుండా సూట్‌కేసు తీసుకుని మెట్లు దిగింది.

ఫిజా నల్లగుడ్డ ఎత్తింది. ఎండ ఒక్కసారి గదిలోకి పడి కళ్ళు బైర్లు కమ్మాయి, తలుపులు, బల్లలు, సీసాలు అన్నీ తెల్లగా కరిగిపోయి మళ్ళీ ఒక్కొక్కటే తిరిగి వచ్చాయి. పక్కగదిలోకి వెళ్ళింది. కిటికీ గుమ్మం మీద గ్లాసు సంగతి పూర్తిగా మర్చిపోయింది. నీళ్ళు గోరువెచ్చగా ఉన్నాయి, అడుగున తెల్లపొడి, పొడిలో దూదిపింజె. బయటికి తీసి అరచేతిలో పిండింది. తెల్లగా ఉంది. తాత విల్లు మీంచి లేచిన దూదంత తెల్లగా. ఎరుపు ఎక్కడా లేదు, ఎండలో పొడి తినేసింది. పసుపు వెలుగు కాదు, పొట్టి నిచ్చెన కాదు, వడపోసిన వెలుగేదీ కాదు. నిండు ఎండ, అందరి నెత్తి మీదా పడే ఎండ, అమ్మ గోదాము రేకుల మీద, నాన్న గుంట మీద పడే ఎండ. ఇది కొత్త సంగతేమీ కాదు, లోకానికి ఎప్పటి నుంచో తెలుసు, మద్రాసులో ఎవరూ చప్పట్లు కొట్టరు. రంగు తిన్నంత తేలిగ్గా మందుని తింటుందో లేదో కూడా ఇంకా చూడాలి. అయినా ఆ పింజెను పట్టుకుని కిటికీ దగ్గర ఎంతసేపు నిలబడిందో తెలీదు. మనసు తేలికైంది. అంత బరువు మోస్తున్నానని కూడా ఆమెకి అప్పటిదాకా తెలీదు.

సాయంత్రం ఇంటికి వెళుతుంది. నాన్న కొట్టు కట్టేసి వచ్చి మంచం మీద కూర్చుని, వణికే చేత్తో చాయ్ గ్లాసు పట్టుకుని, "ఏం తల్లీ, తిందా?" అంటాడు. పసుపు వెలుగు సంగతి పొరపాటని చెప్పాలి, చెబుతుంది. చెప్పి, ఎండ నిండుగా ఉంటే తింటోందని కూడా చెబుతుంది, రేపు గుంటలోంచి చెంబుడు నీళ్ళు తెచ్చివ్వమంటుంది. "ఎండకేం కరువమ్మా మనకి?" అంటాడాయన, తప్పకుండా అంటాడు. రేపటి నుంచి పలకల్ని తెల్లకాగితంలో చుట్టి పుస్తకాల సంచిలో పెట్టుకుంటుంది. పెట్టె మాత్రం రోజూ తీసుకెళుతుంది, రోజూ తెస్తుంది, అమ్మ దూది మారుస్తూనే ఉంటుంది. ఇవాళ కూడా అమ్మ వంటింటి గోడకి చేరగిలబడి, మజ్జిగ గిన్నెలో మణికట్టు దాకా చేతులు ముంచుకుని, అలసటతో తల ఎత్తకుండానే అడుగుతుంది, అద్దాలకి గీతలు పడలేదుగా అని. ఫిజా పక్కన కూర్చుని, గిన్నెలో చెయ్యి పెట్టి, మండినా సరే, ఆ వేళ్ళు పట్టుకుంటుంది.

"ఒక్కటి కూడా పడలేదమ్మా" అంటుంది.